బ్లడ్ కల్చర్ సీసా: ఏళ్ల వాడకం తర్వాత ప్రయోగశాల నుంచి ఒక సమీక్ష

అరచేతిలో ఇమిడే సీసా, లోపల సుమారు 30 మిల్లీలీటర్ల పోషక ద్రవం, పైన రబ్బరు బిరడా, దాని మీద వేలితో ఊడదీసే ప్లాస్టిక్ మూత, అడుగున ఒక రంగు బిళ్ల. చూడటానికి ఇంతే. రోగి రక్తాన్ని ఇందులో పోసి, బాక్టీరియా పెరుగుతుందా అని చూస్తారు. రక్తంలోకి, గుండె కవాటాల మీదికి చేరిన బాక్టీరియాను ప్రాణంతో పట్టుకుని, దాని పేరు తెలుసుకుని, ఏ మందుకు లొంగుతుందో తేల్చుకోవడానికి వైద్యులు నేటికీ ప్రధానంగా ఆధారపడేది దీని మీదే. సూక్ష్మజీవుల ప్రయోగశాలలో పనిచేస్తూ ఈ సీసాలను ఎన్నో ఏళ్లుగా రోజూ చూస్తున్నాను. ఒకటి కంటే ఎక్కువ సంస్థల సీసాలు వాడాను. వాటి మధ్య తేడాలు చిన్నవి కనుక ఏ ఒక్క సంస్థ సరుకునూ కాక, యంత్రంలో పెట్టి చూసే బ్లడ్ కల్చర్ సీసా అనే వస్తువునే ఇక్కడ సమీక్షిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. వస్తువు చాలా మంచిది. దాని మీద వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాన్ని నింపిన తీరు వల్ల వచ్చినవే. మిగిలిన కొన్ని మాత్రం నిజంగా సీసా లోపాలే, వాటినీ దాచను.

ముందుగా పనిచేసే తీరు. సీసాలో పెరిగే బాక్టీరియా కార్బన్ డయాక్సైడును వదులుతుంది. అది అడుగున ఉన్న బిళ్లలోకి ఇంకి దాని ఆమ్లగుణాన్ని మారుస్తుంది. ఒక రకం సీసాల్లో బిళ్ల నీలం కలిసిన పచ్చరంగు నుంచి పసుపుకు తిరుగుతుంది. మరో రకంలో బిళ్ల మీద కాంతి పడినప్పుడు అది వెదజల్లే వెలుగు పెరుగుతుంది. యంత్రం సీసాను 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి, మెల్లగా ఊపుతూ, 10 నిమిషాలకొకసారి ఆ బిళ్లను చదువుతుంది. యంత్రాలు రాకముందు మనిషే రోజూ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, ద్రవం మడ్డిగా మారిందా, బుడగలు కట్టిందా అని చూసేవాడు. కంటికి ఏమీ కనిపించకపోయినా ఒక చుక్క తీసి అగార్ పళ్లెం (బాక్టీరియా పెరిగే జెల్లీ పరిచిన పళ్లెం) మీద పూసి మర్నాటి దాకా ఆగేవాడు. 1970లలో వచ్చిన తొలి యంత్రాలు పోషక ద్రవంలో రేడియోధార్మిక కార్బన్-14 కలిపి, వెలువడిన వాయువులో దాన్ని కొలిచేవి. అందుకోసం ప్రతి సీసా బిరడాలోనూ సూది గుచ్చాల్సి వచ్చేది. నేటి సీసాను పాజిటివ్ అయ్యేదాకా, అంటే బాక్టీరియా పెరిగిందని యంత్రం గుర్తించేదాకా, ఎవరూ గుచ్చనక్కరలేదు, అర్ధరాత్రి పాజిటివ్ అయినా యంత్రం ఆ నిమిషంలోనే మోగుతుంది. ఈ ఒక్క సౌకర్యం ఎంతమంది రోగులకు ఒక పగలో రాత్రో మిగిల్చిందో లెక్కకట్టడం కష్టం.

పోషక ద్రవంలో సోడియం పాలీఅనెథాల్ సల్ఫోనేట్ అనే రసాయనం కూడా ఉంటుంది. ప్రయోగశాలలో దాన్ని ఎస్‌పీఎస్ అంటాం. రక్తం గడ్డకడితే బాక్టీరియా ఆ గడ్డలో చిక్కుకుపోతుంది కనుక గడ్డకట్టకుండా చూడటం దీని మొదటి పని. దానితోపాటు రక్తంలో బాక్టీరియాను చంపే కాంప్లిమెంట్ ప్రొటీన్లను, మింగేసే తెల్లకణాలను కూడా ఇది నిలువరిస్తుంది. సీసాలో రక్తం అయిదు నుంచి పది రెట్లు పలచబడేలా కొలత పెట్టడం వెనుక ఉద్దేశం కూడా ఇదే: రోగి ఒంట్లో ఉన్న రక్షణ శక్తి, అప్పటికే వేసిన మందు సీసాలోకి వచ్చి బాక్టీరియాను అణచకూడదు. కానీ ఎస్‌పీఎస్ మెనింగోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చేది), గోనోకాకస్ (గనేరియా తెచ్చేది) వంటి కొన్ని సున్నితమైన బాక్టీరియాను తానే అణచివేస్తుంది. అరుదే అయినా గోనోకాకస్ గుండె కవాటాలను పట్టి వేగంగా చీల్చగలదు. అలాంటి రోగి విషయంలో సీసా మౌనంగా ఉంటే ఆ మౌనానికి ఒక కారణం సీసాలోనే ఉండి ఉండవచ్చు.

ఇక అసలు విషయం, రక్తం ఎంత పోశారన్నది. పెద్దవారికి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు పడాలి. ఒక సెట్టు అంటే గాలి ఉన్న సీసా ఒకటి, గాలి తగలకుండా పెరిగే బాక్టీరియా కోసం గాలి లేని సీసా ఒకటి, అంటే రెండింటికీ కలిపి దాదాపు 20 మిల్లీలీటర్లు. ఇంత రక్తం ఎందుకని నర్సులు అడుగుతారు, రోగి బంధువులు ఇంకా గట్టిగా అడుగుతారు. పెద్దవారి రక్తంలో బాక్టీరియా చేరినప్పుడు కూడా చాలాసార్లు ఒక మిల్లీలీటరుకు ఒక్కటి కూడా ఉండదు. చెరువంత నీటిలో గుప్పెడు చేపలున్నప్పుడు ఒక చెంబుతో ముంచి లేవని చెప్పడం ఎలాంటిదో, 3 మిల్లీలీటర్లు పోసి నెగటివ్ అని రాయడం అలాంటిది. అదనంగా పోసిన ప్రతి మిల్లీలీటరుతోనూ దొరికే అవకాశం సుమారు 3 శాతం చొప్పున పెరుగుతుందని ఈ రంగంలో పనిచేసేవారు లెక్కవేస్తారు. ఒక్క సెట్టుతో తృప్తిపడితే ప్రతి నాలుగు కేసుల్లో దాదాపు ఒకటి జారిపోతుంది. మూడు సెట్లు తీస్తే 95 శాతానికి పైగా చిక్కుతాయి.

సీసా పక్కన కొలత గీతలు ఉన్నాయి, కానీ అవి నా దృష్టిలో ఈ వస్తువుకున్న అతి పెద్ద డిజైను లోపం. ముదురు రంగు సీసాలో, నురగ కట్టిన ద్రవం మీద, రాత్రి వార్డు వెలుతురులో ఆ గీత ఎవరికీ కనిపించదు. లోపలి శూన్యం ఎంత లాగుతుందో నమ్ముకుని నింపితే ఒకసారి తక్కువ పడుతుంది, మరోసారి 10 దాటి పోతుంది. ఎక్కువైతే నష్టమేమిటి అనుకోవచ్చు. తెల్లకణాలు కూడా శ్వాసిస్తాయి, అవీ కార్బన్ డయాక్సైడు వదులుతాయి. తెల్లకణాలు లక్షల్లో ఉన్న లుకేమియా రోగి రక్తం నిండుగా పోసినప్పుడు యంత్రం మోగడం, తెరిచి చూస్తే బాక్టీరియా జాడ లేకపోవడం మాకు అలవాటే. మేము చివరికి సీసాలను తూచడం మొదలుపెట్టాం. ఖాళీ సీసా బరువు తెలుసు, రక్తం మిల్లీలీటరుకు దాదాపు 1.05 గ్రాములు, మిగిలింది తీసివేత లెక్క. నెల రోజులు తూచిన తర్వాత వచ్చిన అంకెలను వార్డుల వారికి చూపించినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తయారీ సంస్థలు సీసా మీద స్పష్టమైన తెల్లటి పట్టీని ముద్రించి ఉంటే ఈ తూకాల గొడవ ఉండేది కాదు.

ఈ సీసా తన విలువను పూర్తిగా చూపించే జబ్బు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపొరకు, ముఖ్యంగా కవాటాలకు బాక్టీరియా పట్టడం. విలియం ఆస్లర్ 1885లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో దీన్ని వివరించేనాటికి దాదాపు ప్రతి కేసూ మరణంతోనే ముగిసేది. కవాటం మీద రక్తపు తంతువులు, ప్లేట్‌లెట్లు, బాక్టీరియా కలిసి పెరిగే ముద్దలోంచి బాక్టీరియా ఆగకుండా రక్తంలోకి రాలుతూనే ఉంటుంది. ఇతర జ్వరాల్లోలాగా చలి వచ్చే క్షణం కోసం కాచుకుని రక్తం తీయనక్కరలేదు. ఏ వేళ తీసినా అది అక్కడ ఉంటుంది. వేర్వేరు చోట్ల నుంచి వేర్వేరు సమయాల్లో తీసిన మూడు సెట్లలోనూ అదే బాక్టీరియా పెరిగిందంటే అది కవాటం నుంచి వస్తోందన్న అనుమానం బలపడుతుంది. 1994లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన రోగనిర్ధారణ ప్రమాణాల్లో ఈ సీసాల ఫలితానికి ప్రధాన స్థానం దక్కింది. 2000లో ఆ ప్రమాణాలను సవరించారు. 2023లో మళ్లీ సవరించినప్పుడు వేర్వేరు సూదిపోట్లు ఉండాలి, మధ్యలో ఇంత వ్యవధి ఉండాలి అన్న షరతులను సడలించారు. నేనైతే వేర్వేరు చోట్ల గుచ్చి తీయడాన్ని ఇప్పటికీ పట్టుబట్టి అడుగుతాను, ఎందుకంటే చర్మం మీది బాక్టీరియా కలిసిందా లేదా అని తేల్చేందుకు అంతకంటే తేలికైన ఉపాయం లేదు.

ఎండోకార్డైటిస్ తెచ్చేవాటిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ తొందరగా బయటపడుతుంది, చాలాసార్లు ఒక రోజు గడవకముందే యంత్రం మోగుతుంది. నోట్లో ఉండే విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్, పేగుల్లో ఉండే ఎంటిరోకాకస్ కూడా పెద్దగా సతాయించవు. స్ట్రెప్టోకాకస్ గాలొలిటికస్ పెరిగిందంటే మాత్రం రిపోర్టుతోపాటు నేను వైద్యుడికి ఫోన్ చేసి పెద్దపేగు పరీక్ష గురించి అడుగుతాను. ఈ బాక్టీరియాకూ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం చాలాకాలంగా తెలిసిందే. గుండె జబ్బని తీసిన రక్తం పేగులో దాగిన కణితిని బయటపెట్టడం ఈ వృత్తిలో నాకు ఎప్పటికీ పాతబడని ఆశ్చర్యం. నిదానంగా పెరిగే హేసెక్ గుంపు (కొన్ని జాతుల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు) బాక్టీరియా కోసం వెనకటి రోజుల్లో సీసాలను రెండు మూడు వారాలు ఉంచేవాళ్లం. నేటి యంత్రాల్లో అవి మామూలుగా అయిదు రోజుల్లోనే తేలుతున్నాయి కనుక ఆ ఆనవాయితీని చాలా ప్రయోగశాలలు మానేశాయి.

మరో రకం ఇబ్బంది పెడుతుంది. యంత్రం మోగుతుంది, గ్రామ్ స్టెయిన్ (బాక్టీరియా కనిపించేలా స్లైడుకు వేసే రంగు) వేస్తే సూక్ష్మదర్శినిలో గొలుసులు కనిపిస్తాయి, మర్నాడు పళ్లెం మీద చూస్తే ఒక్క చుక్క కూడా ఉండదు. కొత్తగా చేరినవారు స్లైడు తప్పేమో అనుకుంటారు. అవి అబయోట్రోఫియా, గ్రాన్యులికాటెల్లా అనే జాతులు కావచ్చు. పెరగడానికి వాటికి పైరిడాక్సాల్ (విటమిన్ బి6లో ఒక రూపం) కావాలి. సీసాలో రోగి రక్తం నుంచి అది దొరుకుతుంది, మామూలు పళ్లెంలో దొరకదు. అదే పళ్లెం మీద స్టెఫిలోకాకస్‌ను ఒక గీతగా పూస్తే, ఆ గీతను ఆనుకుని చిన్న చిన్న చుక్కలుగా ఇవి మొలుస్తాయి. ఇక్కడ మెచ్చుకోవలసింది సీసానే, పళ్లెం చేయలేని పని అది చేసింది.

సీసా ఓడిపోయే సందర్భాల్లో మొదటిది, మిగతావాటన్నింటికంటే ఎక్కువసార్లు జరిగేది, రక్తం తీయకముందే యాంటీబయాటిక్ వేయడం. నెల రోజులుగా సన్నజ్వరం, బరువు తగ్గడం, గుండె చప్పుడులో కొత్త శబ్దం ఉన్న రోగి, మూడు చోట్ల మూడు రకాల మాత్రలు మింగి వచ్చాక తీసిన సీసాలు అయిదు రోజులూ నిశ్శబ్దంగా ఉంటాయి. ఎకోలో చూస్తే కవాటం మీద ముద్ద ఊగుతూ ఉంటుంది. మందును పీల్చుకోవడానికి కొన్ని సీసాల్లో రెజిన్ పూసలు కలుపుతారు, ఇంకొన్నింట్లో బొగ్గుపొడి వాడారు. రెజిన్ ఉన్న సీసాలు నిజంగానే మెరుగు, డబ్బు కొంచెం ఎక్కువైనా నేను వాటినే కొనమంటాను. బొగ్గు ఉన్నవాటిలో గ్రామ్ స్టెయిన్ నల్లమచ్చలతో నిండిపోయి, నిజమైన బాక్టీరియా ఏదో బొగ్గు రేణువు ఏదో తేల్చుకోవడానికే కళ్లు లాగేవి. అయితే ఏ పూసలూ, ఏ పొడీ వారం రోజుల మందును పూర్తిగా రద్దు చేయలేవు. రోగి నిలకడగా ఉన్నాడనిపిస్తే, మొదటి మోతాదు వేయడానికి ముందు మూడు సెట్లు తీసేంతసేపు ఆగడం ఈ పూసలన్నింటికంటే గొప్ప మందు.

రెండోది, సీసాలో పెరగనివి. క్యూ జ్వరాన్ని తెచ్చే కోక్సియెల్లా జీవకణం లోపల తప్ప పెరగదు. పేల ద్వారా సోకే బార్టొనెల్లా క్వింటానా, పిల్లుల నుంచి సోకే బార్టొనెల్లా హెన్‌సెలే కూడా మామూలు గడువులో దాదాపు ఎప్పుడూ తేలవు. విపిల్ జబ్బు తెచ్చే ట్రోఫెరిమా సంగతీ అంతే. వీటికి రక్తంలోని ప్రతిరక్షకాల పరీక్ష, లేదా శస్త్రచికిత్సలో తీసిన కవాటపు ముక్క మీద పీసీఆర్ (బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయాలి. కోక్సియెల్లా విషయంలో ఫేజ్ 1 ఐజీజీ అనే రకం ప్రతిరక్షకాలు 1:800 దాటితే, అంటే రక్తరసాన్ని 800 రెట్లకు మించి పలచన చేసినా కనిపిస్తే, దాన్ని ప్రధాన ఆధారంగా 2023 ప్రమాణాలు లెక్కిస్తున్నాయి. ఫంగస్‌లలో క్యాండిడా సీసాలో పెరుగుతుంది కానీ ఒంట్లో లోతుగా పాకిన కేసుల్లో సగం మాత్రమే దొరుకుతాయి. ఆస్పర్‌జిల్లస్ కవాటాన్ని పట్టినా సీసాలో కనిపించడం బహు అరుదు. కొన్నవాళ్లు ఈ సంగతి సీసా పెట్టె మీద ఎక్కడైనా రాసి ఉందేమో అని వెతికితే కనిపించదు, లోపలి కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సీసాకు చెడ్డపేరు తెచ్చిన అసలు దోషం కల్తీ. చర్మం మీద ఉండే కోయాగులేజ్ నెగటివ్ స్టెఫిలోకాకస్, క్యుటిబాక్టీరియం, డిఫ్తీరాయిడ్లు సూదితోపాటు లోపలికి వస్తాయి. వచ్చిన సీసాల్లో 3 శాతానికి మించి కల్తీ ఉండకూడదని చాలాకాలంగా ఒక కొలబద్ద ఉంది, ఇప్పుడు 1 శాతానికి తగ్గించాలని అడుగుతున్నారు. ప్లాస్టిక్ మూత ఊడదీయగానే కనిపించే బిరడా శుభ్రంగా మెరుస్తుంది కనుక అది సూక్ష్మజీవులు లేనిదేనని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు, దాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. అయోడిన్ వాడకూడదు, అది రబ్బరును తినేస్తుంది. చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ కలిపిన ఆల్కహాల్ మేలు, కానీ పూసిన తర్వాత ఆరేదాకా ఆగే ఓపిక దానికంటే మేలు. సిరంజితో తీస్తే గాలి లేని సీసాను ముందు నింపాలి, సన్నని గొట్టం ఉన్న సూదితో తీస్తే గొట్టంలోని గాలి పోవడానికి గాలి ఉన్న సీసాను ముందు నింపాలి. ఈ వరుసను గుర్తుపెట్టుకోలేక తికమకపడేవారు చాలామంది. రెండు సీసాల మూతలకు వేర్వేరు రంగులు పెట్టిన తయారీదారులు వరుసను కూడా మూత మీద అచ్చువేసి ఉంటే బాగుండేది.

ఒక గుణాన్ని మాత్రం మనసారా మెచ్చుకోవాలి. యంత్రం ప్రతి సీసా ఎన్ని గంటలకు పాజిటివ్ అయిందో నిమిషాలతో సహా నమోదు చేస్తుంది. గుండెకు దగ్గరగా పెద్ద సిరలో పెట్టిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్, ఉన్న రోగికి జ్వరం వస్తే, లైన్ నుంచి ఒక సెట్టు, చేతి నరం నుంచి మరో సెట్టు ఒకే సమయంలో, ఒకే పరిమాణంలో తీస్తారు. లైన్ నుంచి తీసిన సీసా చేతి సీసా కంటే రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందు మోగితే ఇన్ఫెక్షన్ లైన్ నుంచే వస్తోందని అర్థం. లైన్ తీయకుండానే ఈ సంగతి తెలుసుకోగలగడం పాత సీసాలతో ఊహించలేనిది. అయితే రెండు సెట్లను వార్డులో వేర్వేరు సమయాల్లో తీసినా, ఒక సెట్టును యంత్రంలో ఆలస్యంగా పెట్టినా ఈ లెక్క మొత్తం పాడవుతుంది.

శోషరస (లింఫ్) వ్యవస్థ జబ్బుల్లో ఈ సీసా పరిధి ఇంకా ఇరుకు. శోషరసం చివరికి ఉరోనాళం (ఛాతీలోని పెద్ద శోషరస నాళం) ద్వారా ఎడమ భుజం దగ్గరి సిరల్లోకి, అంటే రక్తంలోకే చేరుతుంది. కనుక శోషరస కణుపుల్లో పెరిగిన బాక్టీరియా రక్తంలోకి పొంగి వచ్చినప్పుడు సీసా పట్టుకోగలదు, కణుపులోనే ఆగిపోతే పట్టుకోలేదు. టైఫాయిడ్ ఇందుకు మంచి ఉదాహరణ. బాక్టీరియా పేగు గోడలోని శోషరస ముద్దల్లో చొరబడి, పొట్టలోని కణుపుల్లో పెరిగి, ఉరోనాళం మీదుగా రక్తంలోకి దిగుతుంది. మొదటి వారంలో తీసిన సీసా బాగా పనిచేస్తుంది, అయినా మొత్తం మీద 40 నుంచి 60 శాతం కేసుల్లోనే దొరుకుతుంది. ఎముక మజ్జ నుంచి తీస్తే ఇంకా ఎక్కువ దొరుకుతుంది కానీ దానికి ఒప్పుకునే రోగి తక్కువ.

ప్లేగులో గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కడతాయి. అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో ఈ బాక్టీరియాను పట్టుకున్నది ఆ బిళ్లల రసంలోనే. ఇప్పటికీ అనుమానం ఉన్న రోగికి బిళ్ల నుంచి తీసిన రసంతోపాటు రక్తపు సీసా కూడా పంపాలి. బ్రూసెల్లా మరో దొంగ. డేవిడ్ బ్రూస్ 1887లో మాల్టాలో దాన్ని గుర్తించాడు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, వాచిన కణుపులు, కొద్దిమందిలో బృహద్ధమని కవాటానికి పట్టే ఎండోకార్డైటిస్ దాని పనులు. ఆ జబ్బుతో చనిపోయేవారిలో ఎక్కువమంది ఈ గుండె చిక్కుతోనే పోతారు. సీసా మూడు నాలుగు రోజులకు ఆలస్యంగా మోగి, గ్రామ్ స్టెయిన్‌లో సన్నని ఇసుక చల్లినట్లు లేత గులాబిరంగు చుక్కలు కనిపిస్తే, ఆ క్షణం నుంచి బల్ల మీద పని ఆపి సీసాను సేఫ్టీ క్యాబినెట్ లోపలికి తీసుకుపోవాలి. ప్రయోగశాలలో పనిచేసేవారికి గాలి ద్వారా అంటుకునే బాక్టీరియాల్లో బ్రూసెల్లా ముందు వరుసలో ఉంటుంది. అందుకే ఈ జబ్బు అనుమానం ఉంటే సీసాతోపాటు పంపే కాగితం మీద ఒక్క మాట రాయమని బతిమాలుకుంటాం. ఆ మాట లేని కాగితాలే ఎక్కువ వస్తాయి.

బోదకాలు విషయంలో ఈ సీసాతో పనే లేదు. ఉకెరేరియా బాంక్రాఫ్టీ పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు చాలా ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య రక్తంలోకి వస్తాయి. వాటిని ఆ వేళ తీసిన రక్తపు చుక్కను మందంగా పరిచి సూక్ష్మదర్శినిలో చూడాలి, లేదా ఏ వేళైనా చేయగలిగే యాంటీజెన్ పట్టీ పరీక్ష వాడాలి. వాచిన కాలి మీద మళ్లీ మళ్లీ ఎర్రబడి జ్వరం వచ్చే దాడుల్లో బాక్టీరియా పాత్ర ఉంటుంది, కానీ అప్పుడు కూడా సీసా పాజిటివ్ అయ్యేది అరుదుగానే. మెడలో కణుపులు వాచే గండమాలకు క్షయ కోసం ప్రత్యేకంగా చేసిన సీసా వేరే ఉంది, దాన్ని ఆరు వారాలు ఉంచుతారు. కణుపు నుంచి సూదితో తీసిన నమూనా ఉన్నప్పుడు నేను రక్తం కంటే దానికే ప్రాధాన్యం ఇస్తాను. పరాన్నజీవి వల్ల వచ్చే ఛాగస్ జబ్బు, వైరస్‌ల వల్ల గుండె కండరం వాచడం, బృహద్ధమనిని పట్టే సిఫిలిస్ వంటివాటికి ఈ సీసాను పంపడం వృథా. గొంతు స్ట్రెప్టోకాకస్ తర్వాత వచ్చే రుమాటిక్ గుండె జబ్బులో కూడా కవాటంలో బాక్టీరియా ఉండదు, శరీరపు రక్షణ వ్యవస్థే అక్కడ గాయం చేస్తుంది. అలా మచ్చపడ్డ కవాటం మీద తర్వాత ఎండోకార్డైటిస్ పట్టినప్పుడు సీసా వంతు వస్తుంది.

చిన్న ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. రోగి పేరు చీటీని బార్‌కోడ్ మీదే అంటించి పంపేవారి మీద కోపం రావడం సహజమే అయినా, చీటీకి చోటు ఎక్కడో సీసా మీద గుర్తు పెట్టని తయారీదారు కూడా అందులో భాగస్తుడే. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న సూచన పెద్ద అక్షరాల్లో ఉండాలి. వెచ్చని గదిలో చాలా గంటలు వదిలేసిన సీసాలో పెరుగుదల యంత్రంలోకి చేరకముందే పూర్తయిపోతే, యంత్రానికి మార్పు కనిపించక నెగటివ్ అని చెప్పే ప్రమాదం ఉంది. న్యూమోకాకస్ అయితే ఆలోపు తనను తానే కరిగించుకుని పళ్లెం మీద కూడా కనిపించకుండా పోవచ్చు. గాజు సీసాల స్థానంలో ప్లాస్టిక్ రావడం మంచి మార్పు, పగిలిన గాజు ముక్కల మధ్య రోగి రక్తం అంటిన వేళ్లు నాకు గుర్తున్నాయి. 2024లో ఒక పెద్ద తయారీదారు దగ్గర సీసాల కొరత వచ్చినప్పుడు ఒకే రకం యంత్రానికి ఒకే సంస్థ సీసాలు మాత్రమే పట్టేలా చేయడంలోని బలహీనత బయటపడింది. ఇంకొకరి సీసా పక్కనే ఉన్నా వాడుకోలేని పరిస్థితి అది.

పిల్లల సీసా గురించి వేరేగా చెప్పాలి. అది 1 నుంచి 4 మిల్లీలీటర్ల రక్తానికి సరిపోతుంది. పసిపిల్లల రక్తంలో బాక్టీరియా సంఖ్య తరచుగా ఎక్కువగా ఉంటుంది కనుక ఆ కొద్ది రక్తమే చాలాసార్లు చాలు. నరం దొరకని పెద్దవారికి కూడా ఈ చిన్న సీసా వాడడం చూస్తుంటాను, అది నెగటివ్ అని రాయడానికి నా చేయి రాదు. ఇవన్నీ కలుపుకుని ఈ వస్తువుకు అయిదులో నాలుగు ఇస్తాను, తగ్గిన ఒక్కటీ ఆ కనిపించని కొలత గీతకు.

ఇప్పుడు మా ప్రయోగశాలలో అయిదో రోజు వెళ్లే రిపోర్టులో "పెరుగుదల లేదు" అన్న మాట పక్కనే సీసాలో ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పడిందో కూడా రాస్తున్నాం. మొదట్లో వైద్యులకు ఇది నచ్చలేదు, తమ వార్డును తప్పుపడుతున్నామని అనుకున్నారు. ఇప్పుడు ఆ అంకె 3 అని కనిపిస్తే వాళ్లే ఫోన్ చేసి, ఇంకో సెట్టు తీసి పంపిస్తున్నామని చెబుతున్నారు.